రాబోయే సినిమాల అన్నయ్య

పోయిన మనిషిని తలుచుకోవడానికి చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో, మాట్లాడిన పెద్దలందరూ తిప్పి తిప్పి ఒకే మాట చెప్పారు. ఆయనకి లోకం మీద ఆశ లేదట. లోక వినోదాల వైపు కన్నెత్తి చూడలేదట. సంఘపెద్ద ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, "సినిమా అనే మాట ఆ సోదరుని నోట నేను ఏనాడూ వినలేదు" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాకు నవ్వాగలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంటే పక్కనున్నావిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. ఆవిడ నిమిరిన కొద్దీ నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ సంఘపెద్ద అబద్ధమాడాడని నేననను. ఆయనకి తెలియదు. మా అన్నయ్య (నాకు వరసకి ఏమీ కాడు, నన్ను సెల్లెమ్మా అని పిలిచేవాడు కాబట్టి అన్నయ్య) చర్చిలో ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. అక్కడ దాచుకున్న మాటలన్నీ మూటగట్టుకుని సాయంత్రం తిన్నగా మా కొట్టుకొచ్చి గుమ్మరించేవాడు. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద మాది పుస్తకాల కొట్టు. మా నాన్న పెట్టాడు, నేను నడుపుతున్నాను. నోటు పుస్తకాలు, గైడ్లు, జామెట్రీ పెట్టెలు, జెరాక్సు. ఆ జెరాక్సు మిషను పక్కన స్టూలు ఆయనది. వేరే ఎవరైనా కూర్చుంటే, ఆయన వచ్చి ఏమీ అనకుండా ఎదురుగా నిలబడి వాళ్ళకేసి చూసేవాడు. ఎంతటివాళ్ళైనా లేచిపోయేవారు.

ఉద్యోగం ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తియ్యడం. "చీకటి గదిలో కూచుని బొమ్మలు చూడ్డమేగా అన్నయ్యా, జీతమిచ్చి మరీ సినిమా చూపిస్తున్నారు మీకు" అని నేనంటే, "ఇంటర్వెల్ ఉండదు సెల్లెమ్మా" అనేవాడు. వయసు యాభై దాటింది. పెళ్ళి కాలేదు. ఎవరైనా అడిగితే, "ఇంకా విడుదల తేదీ ప్రకటించలేదు" అని చెప్పి మాట మార్చేసేవాడు.

ఆయన మా కొట్టులో మొదటిసారి అడుగుపెట్టింది ఎక్స్‌రే కవర్ల మీద పేర్లు రాసే పెన్ను కోసం. మాకు గైడ్లు పంపే విశాఖపట్నం హోల్‌సేల్ ఆయన, అక్కడ అమ్ముడుపోని ఇంగ్లీషు కామిక్ పుస్తకాలు కట్ట మధ్యలో దూర్చి మాకు అంటగట్టేవాడు. నున్నటి కాగితం, ఒళ్ళంతా రంగులు, కండలు తిరిగిన మగాళ్ళు బిగుతు బట్టలేసుకుని ఎగురుతూ ఉంటారు. మా ఊళ్ళో వాటినెవరు కొంటారు? నేను పై అరలో పడేసి మర్చిపోయాను. అన్నయ్య పెన్ను తీసుకుని, తలెత్తి అటు చూసి, "సెల్లెమ్మా, చేతులు కడుక్కోడానికి నీళ్ళున్నాయేటి?" అని అడిగాడు. కడుక్కున్నాడు. జేబురుమాలుతో తుడుచుకున్నాడు. అప్పుడు వాటిలో ఒకటి దించి, ఒక్కో పేజీ ట్యూబులైటుకి ఎదురుగా పైకెత్తి పట్టుకుని చూడ్డం మొదలెట్టాడు. పుస్తకాన్ని అలా చూసేవాళ్ళని నేనంతవరకూ చూడలేదు. "ఉద్యోగం అలవాటు" అన్నాడు. ఆ తర్వాత హోల్‌సేల్ ఆయనకి నేనే ఫోన్ చేసి, అమ్ముడుపోనివి పంపమని అడిగే రోజులొచ్చాయి.

ఆ పుస్తకాల మీద ఆయన తీర్పులు మామూలుగా ఉండేవి కావు. "ఈ నెల బొమ్మలేసేవోడు మారిపోనాడు సెల్లెమ్మా. కొత్తోడికి ఎముకలు తెలీవు. సూడు, ఈ మోకాలు వెనక్కి వంగతన్నాది. ఇలాటోడు మా ఆస్పత్రికొస్తే ప్రపంచాన్ని కాపాడ్డం తరవాత, ముందు మూడు నెలలు మంచం మీద పడుకోబెడతాం." ఇంకోసారి, చచ్చిపోయిన వీరుడిని కొత్త సంచికలో మళ్ళీ లేపారని ఒళ్ళు మండిపోయింది ఆయనకి. "సచ్చిపోయినోడు తిరిగి లెగడం మాకేటి కొత్త కాదు. నమ్ముతాం. గానీ ఒకసారి లెగాల. ఈడు ఆరేసి నెలలకోపాలి లెగుస్తన్నాడు. విశ్వాసం ఎలా నిలబడతాది?" ఈ మాట ఆదరణ కూడికలో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుండేదో.

సినిమాల దగ్గర మాత్రం ఆయనకి ఒక వింత రోగం ఉండేది. రాబోయే సినిమా అంటే ప్రాణం. వచ్చిన సినిమా అంటే గిట్టదు. మొదటి పోస్టరు, టీజరు, ట్రైలరు, పాటల ఫంక్షను, ఏదీ వదిలేవాడు కాదు. ఫోన్లలో నెట్టు చవకైన కొత్తలో ఆయన నా కంటే ముందే పెద్ద ఫోను కొన్నాడు, ట్రైలర్ల కోసం. తెలుగులో పెద్ద హీరో గొడ్డలి పట్టుకున్న పోస్టరొస్తే వేళ్ళతో సాగదీసి చూసి, "ఈ చెయ్యి ఈయనది కాదు, డూపుది. మణికట్టు సూడు" అని తేల్చేసేవాడు. ట్రైలర్లో కనిపించిన ముక్కల్ని పట్టుకుని కథంతా అల్లేవాడు. శుక్రవారం సినిమా విడుదలైందంటే చాలు, దాని పేరెత్తితే మొహం తిప్పుకునేవాడు.

"విడుదలైపోయిందా? అయితే పోయినట్టే. ఒగ్గేయండి."

సినిమా వాయిదా పడితే ఆయనకి పండగ. ఊరంతా తిట్టుకుంటుంటే ఆయన మిఠాయి పొట్లం పట్టుకొచ్చేవాడు. ఇంకో రెండు నెలలు ఆ సినిమా బతికుంటుంది కదా మరి.

అసలు సంగతి నాకు తెలిసేసరికి చాన్నాళ్ళు పట్టింది. ఆయన జన్మలో సినిమా హాల్లో అడుగుపెట్టలేదు. టీవీలో సినిమా వేసినా లేచి పెరట్లోకి వెళ్ళిపోతాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు నాగావళిలో బాప్తిస్మం తీసుకుంటూ, ఇక సినిమా చూడనని అందరి ముందూ ఒట్టేశాడట. అప్పటినుంచీ ఆ ఒట్టు కిందకి ఏది వస్తుంది, ఏది రాదు అని తనకి తానే చట్టం రాసుకున్నాడు. "కామిక్కంటే పుస్తకం. పోస్టరంటే గోడ. ట్రైలరంటే ప్రకటన, సబ్బు ప్రకటనలాగ. లోపల ఆడేది సినిమా. అది సూడను." హైకోర్టు లాయర్లు కూడా అంత శుభ్రంగా గీత గీయలేరు. నేను ఎన్ని ప్రశ్నలేసినా దొరకలేదు.

మా కొట్టు పక్కనే అప్పన్న టీ బడ్డీ. సాయంత్రం ఆటోవాళ్ళందరూ అక్కడ చేరేవారు. అన్నయ్య మా స్టూలు మీద నుంచే, వచ్చే శుక్రవారం సినిమా కథ వాళ్ళకి వినిపించేవాడు. పాటలకి టీ తాగడానికి విరామం కూడా ఇచ్చేవాడు. ఒకసారి సంక్రాంతికి రావాల్సి, వేసవికి జరిగిన పెద్ద సినిమా ఒకటుంది. వాయిదా పడ్డ ఆ నెలలన్నీ ఆయన కథని పెంచుకుంటూ పోయాడు. హీరోకి ఒక మూగ చెల్లెల్ని పెట్టాడు. ఆ అమ్మాయి చేత ఆఖర్లో ఒక్క మాట మాట్లాడించాడు. ఆటోవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. సినిమా వచ్చింది. అప్పన్న మొదటి ఆటకెళ్ళి, వచ్చి, టీ గిన్నె ఠపీమని పొయ్యి మీద పెట్టాడు.

"ఏటి మాస్టారూ, మీ కతలో సెల్లి మాటాడింది కదా. సినిమాలో సెల్లే లేదేటండి."

"మరి నేను సెప్పింది ఇన్నాక మళ్ళీ సినిమాకెందుకెళ్ళావు?" అన్నాడు అన్నయ్య, చదువుతున్న పేజీ మీంచి తలెత్తకుండా.

ఆయన చెప్పిన కథలే బావుండేవని ఆ తర్వాత ఆటోవాళ్ళు సినిమాలకెళ్ళడం తగ్గించారు. నేను మాత్రం మానలేదు. నాకు తెర కావాలి, చీకటి కావాలి, ఈలలు కావాలి. వచ్చాక ఆయనతో చెప్పబోతే చెవులు మూసుకునేవాడు. ఆయనకి తెలిసినవి రాకముందువి, నాకు తెలిసినవి వచ్చాకవి. మా ఇద్దరినీ కలిపితే ఒక పూర్తి ప్రేక్షకుడు తయారయ్యేవాడు.

వీరుల్లో ఆయనకి అందరికంటే ఇష్టుడు ఒకడున్నాడు. ఇంగ్లీషు పేరుకి నాకు నోరు తిరగదు, అన్నయ్య ఉప్పు మనిషి అనేవాడు. ఎక్కడో చలిదేశంలో ఉప్పు గనిలో కూలీ. గని కూలి, లోపల ఇరుక్కుపోయి, బయటపడేసరికి ఒళ్ళంతా ఉప్పురాయి అయిపోతాడు. గుండు దిగదు, నిప్పు అంటదు. నీళ్ళు పడితే మాత్రం కరిగిపోతాడు. అయినా ప్రమాదాలన్నీ వానలోనే వస్తాయి, వీడు గొడుగేసుకుని బయల్దేరతాడు. నేను మొదటిసారి ఆ గొడుగు బొమ్మ చూసి పడీ పడీ నవ్వాను. అన్నయ్య నొచ్చుకున్నాడు.

"నవ్వీకు సెల్లెమ్మా. మిగతా వీరులందరూ ఏటీ కాదని తెలిసే ఎళ్తారు. అందులో గొప్పేటుంది? ఈడు కరిగిపోతానని తెలిసి ఎళ్తాడు. పైగా మనోడు. నౌపడ ఉప్పు మళ్ళల్లో ఒగ్గేస్తే ఎవులూ పోల్చుకోలేరు."

ఆ ఉప్పు మనిషి మీద సినిమా తీస్తున్నారని వార్త వచ్చింది. తెలుగులో కూడా మాటలు పెట్టి వదులుతారట. ఆ రోజు అన్నయ్య ఎక్స్‌రే గదికి తాళం వేసుకుని, మధ్యాహ్నమే కొట్టుకి వచ్చేశాడు. కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళు సాయంత్రం దాకా ఎదురుచూసి ఉంటారు పాపం. తర్వాత సినిమా రెండుసార్లు వాయిదా పడింది. మాకు రెండు పొట్లాల మిఠాయి వచ్చింది. ట్రైలరొచ్చాక, తెలుగులో ఉప్పు మనిషి టీవీ వార్తలు చదివేవాడిలా మాట్లాడుతున్నాడని అన్నయ్యకి అన్నం సయించలేదు. "గనిలో కూలోడు ఆ భాష ఎక్కడ నేర్సుకున్నాడు? మన యాస పెట్టాల" అని ఆటోవాళ్ళ దగ్గర సంతకాల సేకరణ మొదలెట్టబోతే నేనే ఆపాను.

ఆ సినిమాకి ఆయన అల్లిన కథ నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఊరి పైన ఆనకట్ట తెగుతుంది. గండికి అడ్డంగా పెట్టడానికి ఏదీ మిగలదు. ఉప్పు మనిషి గొడుగు పక్కనపెట్టి వెళ్ళి గండిలో నిలబడతాడు. ఊరు ఖాళీ అయ్యేదాకా నిలబడి, నిలబడి, కరిగిపోతాడు. నీళ్ళు తీశాక పొలాల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. జనం ఎవరికి వాళ్ళు కొంచెం ఎత్తుకెళ్తారు. వాడి తల్లి కూడా ఒక చిటికెడు తెచ్చుకుంటుంది. గంజి కాచుకుని, అందులో ఆ చిటికెడు ఉప్పు వేసుకుని, గడప మీద కూర్చుంటుంది. శుభం.

"ఇంగ్లీషువాళ్ళు గంజి తాగుతారా అన్నయ్యా?" అన్నాను.

"సలిదేశం కదా. తాగుతారు" అన్నాడు.

సినిమా విడుదలకి కొద్ది వారాల ముందు ఆయనకి జ్వరమొచ్చి నాలుగు రోజులు కొట్టుకి రాలేదు. కొత్త సంచిక వచ్చింది, పట్టుకుని ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మని దగ్గరగా చూడ్డం అదే మొదలు. పీచులాంటి మనిషి, తెల్లచీర. మిషన్ వాళ్ళ తరఫున ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పిన గొంతు, ఆ వయసులో కూడా వీధి చివరికి వినపడుతుంది. అన్నయ్యకి ఆవిడంటే భయం. సాయంత్రాలు ఆవిడ ఎండుచేపల తలలు గిల్లుతూ కూర్చుంటే, ఈయన పక్కన చేరి రాబోయే సినిమా కథలు చెప్పేవాడట. ఆవిడ మొహం అటు తిప్పేసుకుని, గట్టిగా కీర్తన అందుకునేదట. "అమ్మకిష్టం లేదు. అయినా నోరూరుకోదు, సెప్తాను. గోడకి సెప్పినట్టే" అనేవాడు నాతో.

ఆ రోజు ఆయన నాకు టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాడు. నేను ఆ ముసలావిడ ముందు కాస్త ధైర్యం చేశాను.

"అమ్మా, అన్నయ్య ఆ ఒక్క సినిమా చూడాలని కొట్టుకుపోతున్నాడు. మీరు ఒక్క మాట అంటే ఒట్టు తీసి గట్టు మీద పెట్టి వెళ్తాడు. మీకోసమే కదా ఆగుతున్నాడు."

ఆవిడ చేప తల గిల్లడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"నానెప్పుడు ఆపినాను? ఆడే నన్నాపినాడు."

తర్వాత ఆవిడ చెప్పింది విని నేను కూర్చున్న పీట మీంచి పడిపోవాల్సింది. బాప్తిస్మం నాడు ఏట్లో నడుము లోతు నీళ్ళలో కుర్రాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, ఏం మానేస్తారని అడిగారట. ఒకడు బీడీ అన్నాడు. ఒకడు కల్లు అన్నాడు. ఇంకొకడు బూతు మాటలు అన్నాడు. మా అన్నయ్య వంతొచ్చింది. పాపం, మానేయడానికి ఆయన దగ్గర ఏ చెడ్డ అలవాటూ లేదు. గట్టు మీద జనమంతా చూస్తున్నారు. ఏదీ తోచక సినిమా అనేశాడు. అది కూడా చిన్నదిగా అనిపించిందేమో, "నేనే కాదు, నేనూ మా ఇంటిల్లిపాదీ" అని గట్టిగా కలిపాడట. గట్టు మీద అందరూ స్తోత్రం అన్నారు.

"నన్నడిగినాడేటి?" అంది ఆవిడ. "నలుగురి ముందరా ఇంటిల్లిపాదీ అనీసినాడు. కాదంటే గుంటడి పరువు పోతాది కదా. నోరు మూసుకున్నాను. నానేటి సినిమా సూసినానా, సచ్చినానా? పెళ్ళైన కొత్తలో కళింగపట్నంలో డేరా సినిమాకి మీ మావ తీసుకెళ్నాడు. సగమయ్యేసరికి సముద్రం గాలొచ్చి డేరా ఎగిరిపోనాది. ఆ రెండో సగమేటో ఇప్పటికీ తెల్దు నాకు. ఎళ్దాం ఎళ్దాం అనుకుంతుండగానే ఈడు నీళ్ళల్లో నిలబడి ఒట్టేసీసినాడు."

నేను నవ్వుతూ వెనక్కి తిరిగేసరికి, గుమ్మంలో అన్నయ్య రెండు టీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో, టీ మీద మీగడ కట్టేసింది. నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన ఆ గ్లాసులు మా ఇద్దరి మధ్యా పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా స్టూలు ఖాళీగా ఉంది. జ్వరం తగ్గి డ్యూటీకి వెళ్తున్నాడని తెలుసు, కొట్టు ముందు నుంచే బండి మీద పోయేవాడు, ఆగేవాడు కాదు. ఆటోవాళ్ళు కూడా అడిగారు. ఒక సాయంత్రం వచ్చాడు. చేతులు కడుక్కోలేదు, పుస్తకం దించలేదు.

"అమ్మ సూపు నేను దొంగిలించీసేను సెల్లెమ్మా. నా సూపు నాది, ఏదో సేసుకున్నాను. ఆమెదెందుకు కలిపాను? గట్టు మీద జనం సూస్తన్నారని కలిపాను." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆ రెండో సగం ఆమెకి సూపించాల. ఉప్పు మనిషి సినిమాకి నువ్వు తీసుకెళ్తావా?"

"మీరూ రండి."

"నా ఒట్టు నాకుంది. అది నేనేసిందే, నేనే మొయ్యాల. అమ్మ పేరు తీసేస్తాను."

తీసేశాడు కూడా. ఆయన ఏ పనీ ఊరికే చెయ్యడు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ, జన్మలో నోరు విప్పని మనిషి లేచి నిలబడి, "కుర్రతనంలో ఒక ఒట్టులో మా అమ్మ పేరు అడక్కుండా కలిపాను. ఈ రోజుతో ఆ ఒట్టులోంచి ఆమెని విడుదల చేస్తున్నాను" అని చెప్పి కూర్చున్నాడట. సగం మందికి ఏమీ అర్థం కాలేదు. మిగతా సగం మంది ఇల్లు ఎవరి పేర రాశారో అని గుసగుసలాడుకున్నారు. పాస్టరుగారు తల్లీకొడుకులు సమాధానపడాలని ప్రత్యేకంగా ప్రార్థన చేశారు.

విడుదల రోజు ఉదయం ఆట. హాలుకి అప్పుడే కొత్తగా ఏసీ పెట్టారు. ఆవిడ ఉతికిన తెల్లచీర కట్టుకుని, పూసల సంచీ పట్టుకుని, చర్చికొచ్చినట్టు వచ్చింది. అన్నయ్య గేటు దాకా నడిపించాడు. గేటు దగ్గర ఆగి, ఆవిడ చెయ్యి తీసి నా చేతిలో పెట్టాడు. ట్రైలర్లో కనిపించిన ప్రతి ముక్కకీ ఒక కథ చెప్పగల మనిషి, ఆవిడతో, "నచ్చకపోతే మధ్యలో వచ్చీమ్మా" అని మాత్రం అన్నాడు. నాకు విషయం అప్పుడు అర్థమైంది. ఉప్పు మనిషి ఎలా ఉంటాడన్నది ఆయనకి ఇప్పుడు అనవసరం. ఇన్నేళ్ళుగా తల్లికి దక్కకుండా చేసినదానికి ఈ ఒక్క ఆట సరిపోతుందా లేదా, అదే ఆయన భయం.

లోపల మెత్తటి సీట్లో కూర్చుని ఆవిడ చుట్టూ చూసింది. "సల్లగుంది" అంది. లైట్లు ఆరిపోయాయి. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, ప్రార్థన మొదలెట్టింది. పెదాలు కదులుతున్నాయి. తెర మీద గని కూలింది. పెదాలు కదులుతున్నాయి. ఉప్పు మనిషి మొదటి గుండు తిన్నాడు. పెదాలు ఆగాయి. నేను ఆమెన్ కోసం చూశాను. రాలేదు. తల పక్కకి వాలి, సీటు వీపుకి చెంప ఆనించి, ఆవిడ హాయిగా నిద్రపోయింది.

లేపుదామని రెండుసార్లు భుజం తట్టాను. రెండుసార్లూ నా చెయ్యి తీసి తన చేతి కింద పెట్టుకుని మళ్ళీ పడుకుంది. హాల్లో చెవులు చిల్లులు పడేలా భవనాలు కూలుతున్నాయి. ఇంటర్వెల్లో లైట్లు వేసినా లేవలేదు, పాప్‌కార్న్ వాసనకీ లేవలేదు. బయట ఎండలో ఆ మనిషి నిలబడున్నాడు, నేనేం చెప్పను? పోనీ సినిమా అయినా బావుందా అంటే, అదీ లేదు. ఆనకట్టా లేదు, గండీ లేదు. ఉప్పు మనిషి ఆఖర్న ఆకాశంలోకి ఎగిరిపోయి, అక్కడ ఓడలో ఇంకో అరడజను మంది వీరులతో చేతులు కలిపాడు. వాడికి తల్లే లేదు.

లైట్లు వెలిగాక ఆవిడ కళ్ళు తెరిచింది.

"అయిపోనాదా?"

"అయిపోయింది."

"అయ్యో." మొహం తుడుచుకుంది. కాసేపు తెర కేసి చూసింది. "ఏటీ అనీకు. నాను సెప్తాను" అని నా చెయ్యి పట్టుకుని లేచింది.

అన్నయ్య రోడ్డవతల చెరుకురసం బండి దగ్గర, హాలుకి వీపు పెట్టి నిలబడ్డాడు. మమ్మల్ని చూసి బల్ల మీద దుమ్ము తుడిచి ఆవిడని కూర్చోబెట్టాడు. ఎలా ఉందని కూడా అడగలేకపోయాడు. ఆవిడే మొదలెట్టింది. ఊరూరా వాక్యం చెప్పిన గొంతు, చెరుకురసం తాగేవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"ఆనకట్ట తెగిపోనాదిరా. ఊరంతా నీళ్ళు. మరి ఆడు, గొడుగు పక్కనెట్టీసి, గండిలో అడ్డంగా నిలబడిపోనాడు. జనం ఒకలెనకాల ఒకలు ఎళ్ళిపోతన్నారు, ఆడు కరిగిపోతన్నాడు. నీళ్ళు తీసాక సేలంతా తెల్లగా ఉప్పు. ఆ తల్లి ఒక సిటికెడు తెచ్చుకున్నాది. గంజిలో ఏసుకుని గడప మీద కూకున్నాది."

బండివాడు నాకిచ్చిన గ్లాసు నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఆవిడ ఆపలేదు.

"ఏసుకుని, గిన్నెలోకి సూసి, వచ్చీసినావా నాయినా, అన్నాది."

అన్నయ్య ఆవిడ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత, "బావుందా అమ్మా?" అన్నాడు. "మరి బావుండదేటి" అని ఆవిడ చెరుకురసం అడిగింది.

మర్నాడు సాయంత్రం స్టూలు మీదికొచ్చి కూర్చున్నాడు. చేతులు కడుక్కున్నాడు. నేను ముందే మొదలెట్టాను, అబద్ధం చెప్పడానికి రాత్రంతా సాధన చేశాను కూడా.

"అన్నయ్యా, అమ్మ కన్నార్పలేదు తెలుసా."

"సెంప మీద సీటు గళ్ళు దిగబడిపోయి ఉన్నాయి సెల్లెమ్మా" అన్నాడు. "ఇటు పక్కన. కనీసం రెండు గంటలు ఆనించి ఉంటాది. నాకు తెల్దేటి?"

సినిమాలో నిజంగా ఏం జరిగిందో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది విడుదలైపోయింది, ఒగ్గేయ్. మొహం అటు తిప్పుకుని కీర్తనలు పాడేది కదా, ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పింది. అన్నీ ఇన్నాది." కామిక్ పుస్తకం తెరిచాడు గానీ లైటుకెత్తి పట్టుకోలేదు, ఒళ్ళోనే ఉంచుకున్నాడు. "గంజి నేను సెప్పేను. గడప నేను సెప్పేను. నా కతలో ఆ తల్లి ఏటీ మాటాడదు సెల్లెమ్మా. ఆ మాట మా అమ్మ కలిపింది."